నల్లగెడ్డ మీద ఇంటి నంబరు 5-63

ముందుగా ఒక మనవి. ఇందులో అక్షర దోషాలు ఉంటే మన్నించండి. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై రెండో ఏట. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. 'శ' ఎక్కడ రాయాలో 'ష' ఎక్కడ రాయాలో ఏ రోజుకారోజు ఆలోచించుకోవాలి. ఈ కథ రాయడానికి ఒక ఎండాకాలమూ సగం వానాకాలమూ పట్టాయి. చదివేవారు కూడా కొంచెం నెమ్మదిగా చదివితే ఇద్దరం ఒక్కసారే చివరికి చేరుకుంటాం.

నల్లగెడ్డకు ఇవతల ఈతవలస, అవతల గుమ్మపేట. రెండు ఊళ్ల నడుమ ఉన్నది నలభై అడుగుల నీళ్లు. ఎండాకాలంలో ఆ నీళ్లు మోకాలి లోతు కూడా ఉండవు. వానలు పడ్డాయంటే మాత్రం మనిషిని, మేకను, మంచాన్ని ఒకే మర్యాదతో పట్టుకుపోతాయి. పూర్వం గెడ్డ మీద రెండు తాటి మొద్దులు పడేసి వాటి మీద నడిచేవారు. నాలుగేళ్లకోసారి మొద్దులు కుళ్లి విరిగేవి. విరిగినప్పుడల్లా ఎవరో ఒకరు వాటి మీద ఉండేవారు. ఆఖరిసారి విరిగినప్పుడు వాటి మీద డోలీ ఉంది. డోలీలో నొప్పులు పడుతున్న గుమ్మపేట పిల్ల ఉంది. ఆ తరవాత పన్నెండు రోజులు రెండు ఊళ్లలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

పదమూడో రోజున ఈతవలస వడ్రంగి అప్పలాచారి గెడ్డలోకి దిగి, విరిగిన మొద్దు ముక్కను పైకి లాగి, గోటితో గీరి చూశాడు. పిండిలా రాలింది.

"ఇది బరువుకి ఇరగనేదు. తడికి ఇరిగింది. తడిసి ఎండి, తడిసి ఎండి సచ్చింది. తడవకుండా సేస్తే మన మనవలు కూడా దీని మీదే నడుస్తారు" అన్నాడు.

ఆ మాట మీదే వంతెన కట్టారు. గెడ్డ నడుమ రాతి దిమ్మె లేపారు. కొండ మీద నుంచి మద్ది దూలాలు దింపారు. ఇవతలి దూలం, అవతలి దూలం దిమ్మె మీద కలిసే చోట అప్పలాచారి ఒకదాని నోట్లో ఒకటి ఇమిడేటట్టు అతుకు కోశాడు. చెక్క చీలలు తప్ప ఒక్క ఇనుప మేకు వాడలేదు. పక్కల నడుమెత్తు వెదురు తడికలు కట్టి, పైన వాలుగా తాటాకు కప్పు వేశాడు. మొత్తం రెండు ఎండాకాలాల పని.

"నడిసేకి ఇంత కప్పెందుకు ఆచారీ? తడిస్తే తడుస్తాం" అని జనం నవ్వితే, "కప్పు మీకు కాదు, దూలాలకి. మీరు తడిస్తే ఆరుతారు" అనేవాడు.

తాటాకు ఒక్క వానాకాలానికే సరిపోతుంది. అందుకని ఏటా వైశాఖం ఆఖరున పాత ఆకు దింపి కొత్త ఆకు కప్పాలి. ఇంటికొక మోపు. మొదటి ఏడు ఎవరి వైపు సగం వాళ్లు కప్పుకున్నారు. ఆ వానాకాలమంతా మీ సగం కారుతోందంటే మీ సగమే కారుతోందని తగువు. ఇద్దరి మాటా నిజమే. మరుసటి ఏడు అప్పలాచారి పద్ధతి మార్చాడు. ఈతవలస వాళ్లు గుమ్మపేట వైపు సగం కప్పాలి, గుమ్మపేట వాళ్లు ఈతవలస వైపు సగం కప్పాలి. నడుమ అతుకు మీద మాత్రం ఇద్దరూ కలిసి కప్పాలి. కప్పడం అయ్యాక రెండు ఊళ్ల ఆడవాళ్లు కింద నిలబడి, ఎదుటి ఊరు కప్పిన చోట ఆకు సందుల్లో ఆకాశం కోసం వెతుకుతారు. కనబడిందా, ఆ చోటు కప్పినవాడి ఇంటిపేరు ఏడాది పొడుగునా రెండు ఊళ్లలోనూ మోగుతుంది. ఆ భయంతో మళ్లీ వంతెన మీద చుక్క పడలేదు.

అప్పలాచారి పోయే ముందు భార్య తవిటమ్మకు అప్పగించింది ఒక్కటే మాట: "నడుమ అతుకు కాడ తడి నిలబడనియ్యకు." తవిటమ్మ ప్రతి ఉదయం చీపురు పట్టుకుని వంతెన మీదికి వచ్చేది. రాలిన ఆకు, మేకల పెంటికలు, పేడ, తడిని పట్టి ఉంచేది ఏదైనా సరే గెడ్డలోకి తోసేసేది. ఆఖరున కిందికి వంగి అతుకును చేత్తో తడిమి చూసి ఇంటికి పోయేది. ఆమెకు చదువు లేదు. ఆ పనికి చదువు అక్కర్లేదు.

అలా ఉండగా ఒక ఏడు మాఘంలో, 'కప్పు గల ప్రతి కట్టడమునకు ఒక నంబరు, నంబరు గల ప్రతి కట్టడమునకు ఒక యజమాని' అని ప్రభుత్వం వారు ఒక మహోద్యమం మొదలుపెట్టారు. ఆ ఉద్యమం లోవరాజు అనే సర్వే ఉద్యోగి చంకలో ట్యాబు రూపంలో ఈతవలస వచ్చింది. లోవరాజు తుని వైపు మనిషి. మర్యాదస్తుడు. వంతెన మొదట్లో ఆగి, పైకి చూసి, ట్యాబులోకి చూసి, తుడుస్తున్న తవిటమ్మను పిలిచాడు.

"మామ్మగారూ, దీనికి కప్పుందాండీ?"

"కళ్లు అగుపడవేటి బాబూ?"

"అగుపడుతోందండీ. అయినా అడగాలి. గోడలు?"

"తడికలు."

ట్యాబులో తడికలు లేవు. గోడలు అని నొక్కాడు. "నీటి వసతి?"

ఇద్దరూ కిందికి చూశారు. గెడ్డ పారుతోంది. ఉంది అని నొక్కాడు. "ఇందులో ఎవరుంటారండీ?"

"ఎవలుంతారు? అందరూ ఎల్తారు."

"వెళ్లేవాళ్లు కాదండీ, ఉండేవాళ్లు. పేరు రాయకపోతే ఇది ముందుకు కదలదు."

"ఉండేవోలు ఎవలూ నేరు బాబూ. పొద్దున్నే నానొచ్చి తుడిసీసి ఎలిపోతాను."

లోవరాజు ఆమె పేరు అడిగి రాశాడు. ట్యాబు ముందుకు కదిలింది.

"ఇది వంతెన బాబూ" అంది తవిటమ్మ, ఎందుకైనా మంచిదని.

"నాకు తెలుసు మామ్మగారూ. దీనికి తెలీదు. కప్పు లేకపోతే వంతెన. కప్పుంటే ఇల్లు. కప్పూ ఉండి జెండా కర్రా ఉంటే బడి. కప్పున్న వంతెన అనేది ఇందులో లేదు."

సంచిలోంచి నీలం రంగు రేకు ఒకటి తీసి అడ్డదూలానికి కొట్టాడు. 5-63. ముప్పై ఎనిమిదేళ్లలో ఆ వంతెనలో దిగిన మొదటి ఇనుప మేకు అది.

సాయంత్రానికి రెండు ఊళ్లకూ తెలిసిపోయింది. గుమ్మపేట పెద్ద దాసునాయుడు పని ఉన్నా లేకపోయినా వంతెన దాటి తవిటమ్మ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏటి వొదినా, గెడ్డ మీద రెండో ఇల్లు కట్టీసినావంట? గృహప్రవేశానికి మమ్మల్ని పిలవవేటి?"

"పిలుస్తాను మరిదీ. ఒట్టి సేతుల్తో రాకు."

ఇద్దరూ నవ్వుకున్నారు. అది నవ్వులతో పోయే సంగతే అనుకున్నారు.

పది రోజులకు డివిజను కట్టడాల అధికారి బెహరా చిదంబరం గారు జీపులో వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ నలగకుండా ఉండే మనిషి. మాట్లాడేది కూడా ఇస్త్రీ చేసినట్టే ఉండేది. వంతెన ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, మళ్లీ వెనక్కి నడిచారు.

"సదరు గృహమునకు తలుపులు ఏవి?"

తలుపులు లేవని తవిటమ్మ చెప్పింది.

"తలుపు లేనిది గృహము కాజాలదు, బహిరంగ ప్రదేశము అగును. బహిరంగ ప్రదేశమునకు గృహ సంఖ్య కేటాయించినట్లు రికార్డులో ఉండుట మా శాఖకు మచ్చ. కావున తలుపులు పెట్టవలెను."

"నంబరు పీకీయొచ్చు గదా బాబూ?"

బెహరా గారు ఆమె వైపు జాలిగా చూశారు. "ఏమమ్మా, ఒకసారి పుట్టిన నంబరు చచ్చుటకు అవకాశము లేదు. నంబరు తీసివేసినచో, నీటి ప్రవాహముపై నంబరు లేని కట్టడమని కూల్చివేత విభాగము వారు స్వాధీనపరచుకొందురు. వారు చాలా చురుకైనవారు."

ఇల్లని ఒప్పుకుంటేనే వంతెన నిలబడుతుందని తవిటమ్మకు అర్థమైంది.

తలుపులు వచ్చాయి. టేకు రంగు పూసిన రెండు ఇనప తలుపులు. ఒకదాని మీద 'సింహద్వారము' అనీ, రెండోదాని మీద 'పెరటి తలుపు' అనీ రాసి ఉంది. బిగించేవాళ్లు ఈతవలస వైపు నుంచి వచ్చారు కాబట్టి సింహద్వారం ఈతవలసకు, పెరటి తలుపు గుమ్మపేటకు దక్కాయి. మరునాడు గుమ్మపేట పెళ్లివారు మేళతాళాలతో బయల్దేరి, పెరటి తలుపు చూసి ఆగిపోయారు. పెళ్లికొడుకు తండ్రి తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"మా గుంటడు పెరట్లోంచి ఎల్లి తాళి కట్టాలేటి? మమ్మల్ని ఏటనుకుంతన్నారు?"

ముహూర్తం దాటిపోతుందని పెళ్లివారు గెడ్డలో దిగి నడిచారు. డోలాయన కాలు జారింది, డోలు తడిసింది. పెళ్లిలో సన్నాయి ఒక్కటే వాయించారు. ఫిర్యాదు వెళ్లింది. బెహరా గారు ఆలోచించి ఉత్తర్వు ఇచ్చారు: 'సరి తేదీలలో ఈతవలస వైపు ద్వారమును, బేసి తేదీలలో గుమ్మపేట వైపు ద్వారమును సింహద్వారముగా పరిగణించవలెను.' ముప్పై ఒకటో తేదీ తరవాత ఒకటో తేదీ వస్తుందనీ, రెండు రోజులు వరసగా గుమ్మపేటకే సింహద్వారం దక్కుతోందనీ ఈతవలస వాళ్లు ఎదురు ఫిర్యాదు పెట్టారు. అది పరిశీలనలో ఉంది.

ఇల్లన్నాక వచ్చేపోయేవాళ్లు అతిథులు. రోజుకు నాలుగు వందల మంది అతిథులు వచ్చే ఇంటి మీద శాఖకు అనుమానం కలిగింది. అందుకని సందర్శకుల పుస్తకం ఒకటి పంపారు. పేరు, ఇంటి యజమానితో బంధుత్వం, వచ్చిన పని. తవిటమ్మకు రాయడం రాదు కనక ఎవరిది వాళ్లే రాసుకునేవారు. వారం తిరిగేసరికి ఆమెకు నూట పద్దెనిమిది మంది మేనల్లుళ్లు, అరవై మంది వియ్యపురాళ్లు ఏర్పడ్డారు. దాసునాయుడు రోజూ ఒకటే రాసేవాడు: 'మరిది. వదినను వేళాకోళం ఆడుటకు.' ఎవరో గేదెను కూడా రాశారు. బంధుత్వం దగ్గర 'ఆడపడుచు' అని ఉంది.

వైశాఖం ఆఖరు వారం వచ్చింది. పాత ఆకు నల్లబడి, పట్టుకుంటే పొడి రాలుతోంది. రెండు ఊళ్లవాళ్లు తాటాకు కోసి మోపులు కట్టి, గెడ్డకు రెండు వైపులా గట్ల మీద పేర్చారు. పాత ఆకు దింపేశారు. కొత్త ఆకు ఎక్కించబోతుంటే జీపు వచ్చింది.

"ఆపండి. సదరు గృహముపై ఏమి జరుగుచున్నది?"

"ఆకు కప్పుతన్నాం బాబూ. ఏటేటా కప్పుతాం" అన్నాడు దాసునాయుడు నిచ్చెన మీద నుంచి.

"మీది ఏ మండలము?"

"గుమ్మపేట. గెడ్డవతల మండలం."

"మీరు నిలబడినది గెడ్డకు ఇవతలి మండలము. పర మండలము వారు వచ్చి ఒకరి గృహము కప్పును మార్చుట! దిగండి." బెహరా గారు రుమాలుతో నుదురు తుడుచుకున్నారు. "గెడ్డ నడిమి గీత మండలముల సరిహద్దు. ఎవరి మండలములోని సగము వారే కప్పవలెను. సరిహద్దు వివాదము రాకుండా నడిమి గీతకు అటు ఆరు, ఇటు ఆరు అంగుళములు కప్పకుండా విడిచిపెట్టవలెను. దీనికి కూడా గృహ యజమాని దరఖాస్తు చేసుకొని అనుమతి పొందిన పిమ్మటనే."

తవిటమ్మ చీపురు కింద పెట్టేసింది. నడిమి గీత అంటే అతుకు. సరిగ్గా అతుకు నెత్తిన అడుగు వెడల్పు సందు విడిచిపెట్టమంటున్నాడు. వాన ధార తిన్నగా దూలాల నోట్లోకి దిగుతుంది.

"బాబూ, ఆ ఒక్క సోటా తడవకూడదు. మిగతాదంతా ఇప్పీసినా పరవానేదు. అక్కడ తడిస్తే మూడు వానాకాలాల్లో దూలం కుళ్లిపోద్ది. కుళ్లిందని తెలిసేది ఎప్పుడంటే మీద మనిసి ఉన్నప్పుడే."

"దూలముల సంగతి మా పరిధిలోనిది కాదమ్మా. మాది కప్పుల విభాగము."

మరునాడు తవిటమ్మ దరఖాస్తు ఇవ్వడానికి పదహారు మైళ్లు బస్సులో వెళ్లింది. యజమాని వేలిముద్ర కావాలన్నారు. యంత్రం మీద బొటనవేలు పెట్టింది. చూపుడు వేలు పెట్టింది. పది వేళ్లూ పెట్టింది. నలభై ఏళ్లు తాటాకు ఈనెలు చీరిన వేళ్లు అవి. గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. యంత్రం ప్రతిసారీ ఎర్ర దీపం వెలిగించి, 'ఇట్టి వ్యక్తి లేరు' అంది.

"నాను లేనంటాదేటి బాబూ ఇది? మరా ఇల్లు ఎవలిది?"

"ఇల్లు మీదే. అందులో సందేహము లేదు" అన్నారు బెహరా గారు. "మీరు మాత్రమే లేరు."

"మరేటి సెయ్యాలి?"

"వేలిముద్ర పడనివారు సంతకము చేయవచ్చును. సంతకము చేయగలిగినచో మీరు ఉన్నట్లు భావించబడును."

తిరుగు బస్సులో ఆమె తన వేళ్లను చూసుకుంటూ కూర్చుంది. వానలకు ఇంకా నెల కూడా లేదు. గట్ల మీద మోపులు ఎండిపోతున్నాయి. వంతెన నెత్తిన ఆకాశం తప్ప ఏమీ లేదు.

మరుసటి ఉదయం లోవరాజు తనంతట తనే వంతెన మీదికి వచ్చాడు. ఆ రేకు తాను కొట్టిందే కాబట్టి అతనికి రాత్రిళ్లు అన్నం సయించడం లేదట. సుద్దముక్క తీసి వంతెన చెక్క మీద పెద్దగా 'త' రాశాడు.

"అ ఆలు అక్కర్లేదా బాబూ?"

"వాటికి టైము లేదు మామ్మగారూ. మన పేరులో లేవు."

అలా తవిటమ్మ 'అ' రాకుండానే 'త' నేర్చుకుంది. 'వి' కి మూడు రోజులు, 'ట' కి నాలుగు. పక్కనుంచి వెళ్లే అతిథులు ఆగి, ఇలాక్కాదు అలాగ అని చెప్పి పుస్తకంలో 'వచ్చిన పని: తప్పులు దిద్దుట' అని రాసి వెళ్లేవారు. 'మ్మ' దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. మ కింద మళ్లీ మ ఎందుకో, అది ఎక్కడ పట్టుకోవాలో ఎంతకీ తెలియలేదు. ఒక ఉదయం తుడవడం అయ్యాక అలవాటుగా అతుకు తడిమి చూసి, ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. తరవాత వచ్చి, పై మ నోట్లో కింది మ ఇమిడేటట్టు రాసింది.

"వచ్చేసింది మామ్మగారూ!"

"రాదేటి? మా ఆయన ఇదే కోసినాడు, కర్రలో."

పంతొమ్మిదో రోజున ఆమె సంతకం చేసింది. ఉన్నట్టు భావించారు. దరఖాస్తు తీసుకున్నారు. రసీదు మీద ఇలా ఉంది: 'మీ అభ్యర్థన నలభై ఐదు పని దినములలో పరిశీలించబడును.' ఆ రోజే కొండల మీద మొదటి మబ్బు కనిపించింది.

తవిటమ్మ అక్షరాలు ఆపలేదు. వంతెన తడికలకు అప్పటికి పదకొండు నోటీసులు మేకులతో కొట్టి ఉన్నాయి. చదువుకోవడానికి ఈతవలసలో అంతకు మించి ఏమీ లేదు. పొద్దున్న తుడిచి, ఒక్కో నోటీసు ముందు కూర్చుని, వేలు కింద పెట్టి, రాని అక్షరం దగ్గర ఆగి, వచ్చే అతిథిని అడిగి, ముందుకు పోయేది. ఏడో నోటీసు కింద చీమ తలకాయలంత అక్షరాల్లో గృహ నిబంధనలు ఉన్నాయి. అందులో పంతొమ్మిదోది చదవడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. అయ్యాక లోవరాజును పిలిపించింది.

"బాబూ, ఇది నాను సదివిందేనా? లేపోతే తప్పు సదివినానా?"

లోవరాజు వంగి చదివాడు: 'శుభకార్యముల నిమిత్తము గృహముపై గాని, గృహము ముందు గాని వేయు తాటాకు పందిరికి అనుమతి అవసరము లేదు. సదరు కార్యమునకు ఏ మండలము వారైనను అతిథులుగా విచ్చేయవచ్చును. కార్యము ముగియువరకు ద్వారములు మూయరాదు. కార్యము ముగిసిన పిమ్మట పందిరి తొలగించవలెను.'

అతను మళ్లీ మొదటి నుంచి చదివాడు. "మామ్మగారూ, ఈ నోటీసు నేనే కొట్టాను. పదిసార్లు చదివుంటాను. నాకు కనపడలేదు."

"నువ్వు గబగబా సదివేస్తావు బాబూ."

ఆ సాయంత్రం తవిటమ్మ గుమ్మపేట వెళ్లి దాసునాయుడి గుమ్మంలో తాంబూలం పెట్టింది.

"మరిదీ, నువ్వడిగినావు గదా. ఎల్లుండి నా కొత్తింటికి గృహప్రవేశం. మీ ఊరు ఊరంతా రావాలి."

"ఒట్టి సేతుల్తో రావొద్దన్నావు గదా వొదినా. ఏటి తెమ్మంటావు?"

"ఇంటికో మోపు."

దాసునాయుడు ఆమెను చూశాడు, కొండల మీద మబ్బును చూశాడు, లేచి తలపాగా చుట్టుకున్నాడు.

గృహప్రవేశం రోజు ఉదయానికే రెండు ఊళ్లూ వంతెన దగ్గరున్నాయి. పాలు పొంగించారు. పొయ్యి గట్టు మీదే పెట్టారు, దూలాలకు పొగ తగలకుండా. అతిథులు తెచ్చిన కానుకల్ని అతిథులే పైకెక్కించారు. ఈతవలస వాళ్లు గుమ్మపేట వైపు, గుమ్మపేట వాళ్లు ఈతవలస వైపు. బెహరా చిదంబరం గారికి ముఖ్య అతిథిగా పిలుపు వెళ్లింది. పిలుపు అందిన చోటికి వెళ్లకపోవడం శాఖ మర్యాద కాదు కనక వచ్చారు. జీపు దిగి, పైకి చూశారు.

"ఇది కప్పు మార్పిడి!"

"పందిరండి" అంది తవిటమ్మ.

"గృహముపైన పందిరియా?"

ఆమె ఆయన్ను ఏడో నోటీసు దగ్గరికి తీసుకెళ్లి, వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. 'గృ-హ-ము-పై గా-ని' అనేసరికి గుమ్మపేట సగం అయిపోయింది. 'పి-మ్మ-ట' అనేసరికి రెండో సగం కూడా అయిపోయింది. కింద బెహరా గారి సంతకం ఉంది. దాన్ని కూడా చదివింది. ఆయన తన సంతకాన్ని చాలా గౌరవంగా చూశారు.

"నిబంధన నిబంధనయే" అన్నారు.

"మరి ముఖ్య అతిథి గదా బాబూ, నడుమ ఆఖరాకు మీరు కప్పాలి."

జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టాక వెనక్కి తగ్గడం బెహరా గారికి అలవాటు లేదు. బూట్లు విప్పి నిచ్చెనెక్కి, సరిగ్గా మండలాల సరిహద్దు మీద, అతుకు నెత్తిన, ఆకు పరిచి కట్టి దిగారు. రెండు ఊళ్ల ఆడవాళ్లు కింద చేరి తలలు పైకెత్తారు.

"ఓలమ్మో! అదిగో ఆకాశం!" అని గుమ్మపేట ముసలామె ఒకతె కేక వేసింది. "ఎవలు కప్పినారే ఆ సోట?"

"బెహరా వోరు!"

"బెహరా వోరి సోట సుక్క పడతాది!" అని ఈతవలస ఆడవాళ్లు అందుకున్నారు. "బెహరా వోరి కప్పు, బెహరా వోరి కప్పు" అని గట్టు మీది పిల్లలు పాట కట్టేశారు.

బెహరా గారి చెవులు ఎర్రబడ్డాయి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయన కింద ఎన్నో కట్టడాలు కారి ఉంటాయి. కాని వాటిని ఆయన ఇంటిపేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. చొక్కా చేతులు మడిచి, ఎవరూ అడగకుండానే మళ్లీ నిచ్చెనెక్కారు. ఈసారి మూడు పొరలు వేశారు. దాసునాయుడు కింద నుంచి ఆకు అందిస్తూ, అంచు ఎలా మడవాలో చెప్పాడు. ఆయన చెప్పించుకున్నారు. దిగాక ఆడవాళ్లు మళ్లీ చూశారు. ఆకాశం లేదు. అప్పుడు భోజనాలు పెట్టారు.

మూడో రోజున వాన మొదలై తొమ్మిది రోజులు కురిసింది. గెడ్డ గట్లు దాటింది. తవిటమ్మ ప్రతి ఉదయం వెళ్లి చెయ్యి పెట్టి చూసింది. అతుకు ఎండుగా ఉంది.

వాన తెరిపిచ్చాక కాగితం వచ్చింది. 'సదరు తవిటమ్మ గృహప్రవేశ కార్యము ముగిసినదా? ముగిసినచో పందిరి తొలగించి, ద్వారములు మూసి, ఫొటో సమర్పించవలెను.'

తవిటమ్మ సొంత చేత్తో జవాబు రాసింది. నాలుగు రోజులు పట్టింది. 'అయ్యా. కార్యం ఇంకా అవుతున్నది. చుట్టాలు ఇంకా వస్తూ పోతూ ఉన్నారు. పుస్తకం చూడగలరు.' సందర్శకుల పుస్తకాలు ఏడు జతపరిచింది. రోజుకు నాలుగు వందల మంది. శాఖ వారు ఏడు పుస్తకాలూ పరిశీలించి, గేదె విషయంలో వివరణ కోరి, ఆ తరవాత నమోదు చేశారు: 'అతిథుల రాకపోకలు కొనసాగుచున్నందున కార్యము ముగియనట్లుగా భావించడమైనది. అంతవరకు ద్వారములు తెరిచియే ఉంచవలెను. గృహ యజమాని గృహమునందే ఉండి అతిథులను ఆదరించవలెను. లేనిచో గృహము ఖాళీగా ఉన్నట్లు కూల్చివేత విభాగమునకు తెలియపరచబడును.'

మూయకూడని తలుపులు ఉండి ఏం లాభమని రెండు ఊళ్లవాళ్లు వాటిని ఊడదీసి, గట్ల మీద చెరొకటి బల్లలుగా వేసుకున్నారు. సింహద్వారం మీద గుమ్మపేట వాళ్లు కూర్చుంటారు. పెరటి తలుపు మీద ఈతవలస వాళ్లు కూర్చుంటారు. మార్చుకోవడం అలవాటే కదా.

తవిటమ్మ ఊళ్లోని ఇంటికి తాళం వేసి, చాప, నీళ్ల కుండ, చీపురు, లోవరాజు ఇచ్చిన సుద్దముక్కల డబ్బా తీసుకుని వంతెన మీదికి వచ్చేసింది. చాప ఎక్కడ వేసుకోవాలా అని అటూ ఇటూ చూసింది. నడుమ, అతుకు పక్కన వేసుకుంది. ఈ కప్పు మనుషులకు కాదు అని అప్పలాచారి అన్న మాట గుర్తొచ్చి, పైకి చూసి, "ఒక్క మనిసే గదా, సర్దుకో" అంది.

ఇది ఆరో ఏడు. గృహప్రవేశం జరుగుతూనే ఉంది. ఏటా వైశాఖంలో పందిరి మారుస్తారు. బెహరా గారు ఉద్యోగం విరమించారు. అయినా వైశాఖం వస్తే బస్సులో ఒక మోపు వేసుకుని వస్తారు. నడుమ ఆకు తప్ప వేరే చోట కప్పనంటారు. కప్పాక కింద నిలబడి, ఆడవాళ్ల కంటే ముందు తనే ఆకాశం వెతుక్కుంటారు.

ఇంతసేపూ తవిటమ్మ, తవిటమ్మ అని వేరే మనిషి సంగతిలా రాశాను. ఆరేళ్లుగా ఆఫీసు కాగితాల్లో నన్ను 'సదరు తవిటమ్మ' అని చదువుకుని చదువుకుని నాకూ అదే అలవాటైంది. తప్పులుంటే దిద్దుకోండి. వాన పడుతోంది. ఇప్పుడే చెయ్యి పెట్టి చూశాను. ఎండుగా ఉంది.

ఇట్లు,
తవిటమ్మ, వడ్రంగి అప్పలాచారి భార్య.
వయసు అరవై ఎనిమిది.
ఉండేది: ఇంటి నంబరు 5-63, నల్లగెడ్డ మీద, సగం ఈతవలస, సగం గుమ్మపేట. ఎటు నుంచైనా రావచ్చు.